మా నాన్న సభలో పలికిన రోజు

నేను శాసనసభలో రిపోర్టర్ని. ఈ మాట అనగానే ఏ పేపరు, ఏ చానల్ అని అడుగుతారు. ఆ రిపోర్టర్ని కాదు. సభలో ఎవరేం మాట్లాడినా ఒక్క మాట జారిపోకుండా షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని, బయటికెళ్లి టైపు చేసిచ్చే ఉద్యోగం నాది. స్పీకరు కుర్చీకి కిందుగా, సభ నడిమధ్యలో మాకొక బల్ల ఉంటుంది. వంతులవారీగా వచ్చి దాని ముందు కూర్చుంటాం. ఒకరి వంతు అయిపోయేలోపే ఇంకొకరు వచ్చి పక్కన కూర్చుని వాక్యం తెగకుండా అందుకోవాలి. నేను పుట్టింది బెంగాల్లో, ఓడరేవు పక్కనున్న గార్డెన్ రీచ్‌లో, ఇంట్లో మాట్లాడేది శ్రీకాకుళం తెలుగు, ఆఫీసులో రాసేది బెంగాలీ. ఈ మూడూ ఒక్క మనిషిలో ఎలా ఇమిడాయా అని మా ఆఫీసువాళ్లు ఇప్పటికీ వింతగా చూస్తారు. ఇందులో వింతేముందో నాకు తెలీదు. రేవు పక్కన పుట్టిన పిల్లకి మూడు భాషలు రాకపోతే కుళాయి దగ్గర బిందె కూడా నిండదు.

ఇన్నేళ్లలో నేను సభను విన్నదే ఎక్కువ, చూసింది తక్కువ. తల దించుకుని రాసేవాళ్లకి మొహాలతో పనేముంటుంది. గొంతు వింటే చాలు, మనిషెవరో చెప్పేస్తాను. కోపమొస్తే గొంతు పెంచేవాళ్లెవరో, తగ్గించేవాళ్లెవరో, జవాబు తెలియనప్పుడు మంచినీళ్లు తాగేవాళ్లెవరో నాకు తెలుసు. అదే మనిషి వరండాలో ఎదురుపడి నమస్కారం పెడితే మాత్రం ఎవరబ్బా అని తెల్లమొహం వేస్తాను. ఇందుకు నామీద కాస్త పొగరుబోతన్న పేరు కూడా ఉంది.

ఎన్నికలయ్యి కొత్త సభ కొలువుదీరినప్పుడు మాకు చేతినిండా పని. అలవాటైన గొంతులు కొన్ని పోతాయి, ఎన్నడూ విననివి వచ్చి చేరతాయి. ప్రమాణస్వీకారం నాడు సభ్యులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి అవే నాలుగు వాక్యాలు చదువుతుంటే అందరూ ఆవులిస్తారు. మాకు అదే మంచి అదను, ఎవరి గొంతు ఎలాంటిదో అప్పుడే పట్టేసుకుంటాం. కొత్తవాళ్లు మొదటి వారమంతా ఆ పొడుగాటి వరండాల్లో దారి తప్పుతుంటారు. తలుపు తోసుకుని మా టైపు గదిలోకి వచ్చేసి నాలుక కరుచుకుంటారు. స్పీకరు లేచి నిలబడితే తాము కూర్చోవాలని తెలియక బడిపిల్లల్లా తామూ లేస్తారు. నేను లోపల్లోపల నవ్వుకునేదాన్ని. ఇంతమంది జనం ఎండలో నిలబడి ఓట్లేసి పంపిస్తే, కుర్చీలో ఎప్పుడు కూర్చోవాలో కూడా తెలియదేమిటి అని.

ఈసారి స్పీకరు కూడా కొత్తే. ఎన్నికైన రోజు రెండు పక్షాల నాయకులూ ఆయన్ని చెరో పక్కన ఉండి కుర్చీ దాకా నడిపించారు. పాత స్పీకర్లు గడగడా అనేసే మాటల్ని ఈయన కాగితం చూసి నెమ్మదిగా చదివేవాడు. చదివాక తల పైకెత్తి హాలంతా ఒకసారి కలయజూసేవాడు. గొంతు కొత్తగా ఉందని మా వాళ్లందరం అనుకున్నాం.

మా పేట వైపు నుంచి గెలిచినావిడా కొత్తే. మా వీధుల్లో ఆడపిల్లలకి కుట్టుపని నేర్పిన పంతులమ్మ. ఇక్కడ పంతులమ్మల్ని దిదిమొని అంటారు, మా నాన్న కూడా ఆమెని అలాగే పిలుస్తాడు. వీధిలో ఆమె గొంతు ఈ మూల నుంచి ఆ మూలకి వినిపించేది. సభలోకొచ్చాక వెనక వరసలో కూర్చుంది. ప్రమాణం చదివాక మళ్లీ ఆ గొంతు మా బల్ల దాకా రాలేదు.

ఇక మా నాన్న. రేవులో ఓడల మీద సరుకు ఎత్తీ దించీ బతికినవాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఒక్క ఎన్నికా మానలేదు. ఓటు రోజున ఇస్త్రీ పంచె కట్టుకుని, తలుపులు తెరవకముందే వెళ్లి వరసలో నిలబడతాడు. ఎవరికి వేశావని అడిగితే చెప్పడు, మా అమ్మ బతికున్నప్పుడు ఆమెకీ చెప్పేవాడు కాదు. గ్లకోమా వచ్చి ఆయనకి ఒక కన్ను ఎప్పుడో పోయింది. ఈ ఏడు రెండోదీ సన్నగిల్లడం మొదలెట్టింది. సాల్ట్ లేక్‌లో కంటి డాక్టరు నన్ను పక్కకి పిలిచి, ఉన్న చూపు నిలవడం కష్టమనీ, ఆయన చూడాలనుకునేవి ఏమైనా ఉంటే ఇప్పుడే చూపించమనీ చెప్పాడు. పక్కకి పిలిచి చెప్పినా మా నాన్నకి వినపడింది. నా చెవులు ఆయన నుంచి వచ్చినవే.

బస్సులో ఇంటికొస్తుంటే, "ఏటి సూడాలనుంది నాన్నా?" అని నేనే అడిగాను. పూరీ అంటాడో, పుట్టిన ఊరు అంటాడో అనుకున్నాను.

"నువ్వు పన్జేసే సోటు సూడాలమ్మీ," అన్నాడు. "ఇన్నేళ్లు ఓటేసినాను గదా. అది ఎటెలిపోతాదో, ఆడకెళ్లి ఏటి సేత్తాదో ఓపాలి కళ్లుండగానే సూసీయాల."

నాకు చిరాకేసింది. "అదేమైనా జాతరేటి నాన్నా? తెల్లారితే కేకలు, కాయితాలు. సూసి ఏటి సేత్తావు?" అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు. కిటికీలోంచి ఎంత కనపడుతోందో అప్పుడు నాకు గుర్తొచ్చింది. తాళంచెవి కన్నంలోంచి చూసినట్టుంటుందని డాక్టరు చెప్పాడు. మర్నాడే దిదిమొని దగ్గరికెళ్లి గ్యాలరీ పాసు అడిగాను. సభ్యులు సిఫారసు చేస్తేనే పాసు ఇస్తారు. ఆమె సంతకం పెడుతూ, తాను పాసు ఇచ్చిన మొదటి మనిషి మా నాన్నేనని సంబరపడింది.

ఇక్కడే ఒక పాత సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మా నాన్న వయసులో ఉన్నప్పుడు ఓడ అడుగున బస్తాలు పేర్చి వలతాళ్లలో కట్టే గ్యాంగులో పనిచేసేవాడు. పైన, సరుకు దించే ఓడ మూత దగ్గర, గ్యాంగు సర్దారు నిలబడేవాడు. కింద అంతా చీకటి, పైనుంచి మనిషి కనపడడు. అందుకని బరువు పైకి లేపే ముందు ప్రతిసారీ సర్దారు "ఉన్నారా?" అని కేకేసేవాడు. కిందున్న ప్రతివాడూ పక్కకి తప్పుకుని గట్టిగా "హా" అని పలకాలి. అందరి గొంతులూ వచ్చాకనే సర్దారు కుడిచెయ్యి భుజం దాకా లేపి, అరచెయ్యి పైకి తిప్పేవాడు. అది చూసి బరువు లేపే యంత్రం కదిలేది. ఎన్ని బస్తాలైనా, ఎంత తొందరున్నా ఇదే వరస.

ఒకసారి మంచి ఎండాకాలంలో, కిందనుంచి గొంతులు వచ్చినా సర్దారు చెయ్యి లేవలేదట. ఒక గొంతు తక్కువైందన్నాడట. కింద వాళ్లు వెతికితే, కట్టిన బస్తాల వెనక మా నాన్న సొమ్మసిల్లి పడి ఉన్నాడు. బరువు లేచి ఊగితే నేరుగా ఆయన మీదకే వచ్చేది. అప్పటికి నేనింకా పుట్టలేదు. ఆ చెయ్యి లేచి ఉంటే పుట్టేదాన్నీ కాదు. చిన్నప్పుడు ఈ కథ ఎన్నిసార్లు విన్నా మా నాన్న ఆ చెయ్యి దగ్గరికొచ్చేసరికి నాకు ఒళ్లు జలదరించేది.

సభ రోజున ఇస్త్రీ పంచె కట్టుకున్నాడు, ఓటు రోజులాగే. గేటు దగ్గర చేతికర్ర, ఫోను తీసేసుకున్నారు. నేను నిబంధనలన్నీ వల్లె వేయించాను. చప్పట్లు కొట్టకూడదు, లేవకూడదు, ముందుకి వంగకూడదు, నోరు మెదపకూడదు. మెదిపితే బయటికి పంపించేస్తారు, మళ్లీ రానివ్వరు.

"తుమ్మొచ్చినా మింగీస్తానమ్మీ," అన్నాడు.

గ్యాలరీలో ముందు వరసలో కూర్చోబెట్టి కిందకొచ్చాను. నా వంతు రాకముందు తలుపు పక్కన నిలబడి ఒకసారి పైకి చూశాను. మా నాన్న రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, తలని చాలా నెమ్మదిగా ఇటు నుంచి అటు తిప్పుతున్నాడు. స్పీకరు కుర్చీ, ఆ తర్వాత పై కప్పు, ఆ తర్వాత సభ్యుల వరసలు. ఆ చిన్న కన్నంలోంచి అంత పెద్ద హాలునీ ముక్కముక్కగా పోగుచేసుకుంటున్నాడు. చూపు మా బల్ల మీదకొచ్చి ఆగింది. ఖాళీగా ఉన్న నా కుర్చీని చాలాసేపు చూశాడు. నేను వెళ్లి అందులో కూర్చున్నాను.

కొత్త సభలో అది మొదటి బిల్లు. పడవ రేవుల్లో మెట్లూ రెయిలింగులూ దీపాలూ ఎవరి బాధ్యత అన్న చిన్న బిల్లు, పేపరువాళ్లు కూడా సగం మంది టీకి వెళ్లిపోయారు. చర్చ అయ్యాక బిల్లులోని ఒక్కో క్లాజునీ సభ ముందు పెడతారు. ఈ క్లాజు బిల్లులో ఉండాలా, అనుకూలమైనవారు 'హ్యా' అనండి అని స్పీకరు అడగాలి. బెంగాలీలో హ్యా అంటే అవును. వద్దనేవాళ్లని వద్దనమని విడిగా అడగాలి. ఎటు గొంతులు ఎక్కువో చెప్పి తర్వాతి క్లాజుకి పోవాలి. ఆఖరికి బిల్లు పేరు ఉంచుదామా అని కూడా అడుగుతారు. నాకిది ఎంత అలవాటైపోయిందంటే చెయ్యి దాని మానాన అది రాసుకుపోతుంది, బుర్ర సాయంత్రం కూర గురించి ఆలోచిస్తుంది.

మొదటి క్లాజులప్పుడు 'హ్యా' గట్టిగానే వచ్చింది. పోను పోను పలచబడింది. ఎవరూ వద్దనే బిల్లు కాదు కదా, కొందరు పక్కవాళ్లతో మాటల్లో పడ్డారు, కొత్తవాళ్లకి ఇది తమని అడుగుతున్న ప్రశ్నేనని కూడా తెలిసినట్టు లేదు. స్పీకరు మాత్రం ప్రతి క్లాజూ అంతే నెమ్మదిగా చదివి, తలెత్తి చూసి అడుగుతున్నాడు. మెట్ల దగ్గర దీపాల క్లాజు వచ్చింది. అనుకూలమైనవారు హ్యా అనండి అన్నాడు. ఎవరిదో దగ్గు వినపడింది. ముందు వరసలో ఒకరిద్దరు గొణిగారు.

"హా."

పైనుంచి వచ్చింది. ఓడ అడుగు నుంచి మూత దాకా వెళ్లాల్సిన గొంతు. ఆ హాల్లో మైకు లేకుండా అంత గొంతు నేను ఎన్నడూ వినలేదు. నా పెన్ను ఆగిపోయింది. తలెత్తక్కర్లేదు, అదెవరిదో నాకు తెలుసు.

మొహాలన్నీ పైకి తిరిగాయి. గ్యాలరీ కాపలా ఉద్యోగి వచ్చి మా నాన్న భుజం మీద చెయ్యి వేశాడు. మా నాన్న లేచి నిలబడ్డాడు, ఎటు నడవాలో తెలియక గోడ కోసం తడుముకుంటున్నాడు. నేను రిపోర్టర్ల బల్ల ముందున్నాను, కదలకూడదు, మాట్లాడకూడదు. ఆయన చూడాలనుకున్నది ఇంకా పూర్తికాలేదు. సగంలో తీసుకుపోతున్నారు, ఇంకోసారి తీసుకొద్దామంటే అప్పటికి కళ్లుండవు. ఏడుపొచ్చింది, దిగమింగుకుని పెన్ను పట్టుకున్నాను.

అప్పుడు వెనక వరసలోంచి ఒక గొంతు వచ్చింది. "అధ్యక్షా, ఆయన నా అతిథి. పెద్దాయన, చూపు సరిగా లేదు. మిమ్మల్ని అగౌరవపరచాలని కాదు. తమరు అడిగారు, ఆయన పలికాడు." దిదిమొని. మైకు నొక్కాలని కూడా తెలియక ఉత్త గొంతుతోనే అనేసింది. ప్రమాణం తర్వాత సభలో ఆమె మాట్లాడిన మొదటి మాటలు ఇవే, నా చేతిమీదుగానే పడ్డాయి.

స్పీకరు చేతిలోని కాగితం బల్ల మీద పెట్టాడు. తర్వాత, "పెద్దాయన్ని కూర్చోనివ్వండి," అన్నాడు. "గ్యాలరీలోని అతిథులు నిశ్శబ్దం పాటించాలి. ఈ సభలో పలికే హక్కు సభ్యులది." కాగితం మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "సభ్యులు కాని ఒకరి గొంతు కలిసింది కాబట్టి ఈ క్లాజును సభ ముందు మళ్లీ పెడుతున్నాను." మొదటి అక్షరం నుంచీ మళ్లీ చదివాడు. తలెత్తాడు. అనుకూలమైనవారు హ్యా అనండి అని అడిగాడు.

ఆ జవాబు ఎలా వచ్చిందో నేను రాయలేను. మా షార్ట్‌హ్యాండులో దానికి గుర్తు లేదు, అంత మంది అన్నా ఒక్కరన్నా మేం రాసేది ఒకే మాట. హాలు మొత్తం పలికింది. ముందు కొందరు నవ్వుతూ మొదలుపెట్టారు, మాట పూర్తయ్యేసరికి ఎవరూ నవ్వడం లేదు. బల్ల మీద నా మోచెయ్యి అదిరింది. వాళ్లలో దిదిమొని గొంతు విడిగా వినపడింది, వీధి చివరి నుంచి పిల్లల్ని పిలిచే ఆ గొంతు. ఇన్నేళ్లుగా ఆ బల్ల ముందు కూర్చుంటున్నాను, ఇన్ని సభలు వచ్చిపోవడం విన్నాను. ఒక ముసలాయన పొరపాటున పలికితే, ఒక రాష్ట్రం ఆగి, మళ్లీ మొదటి నుంచి అడిగింది. నాకు భయం లాంటిది కలిగింది, భక్తి లాంటిది కూడా. ఆ తర్వాత క్లాజులు, చివరికి బిల్లు పేరు, అన్నిటికీ సభ అలాగే పలికింది. గ్యాలరీ గొంతుకి రికార్డులో చోటు లేదు. నేను రాయలేదు.

తిరుగు బస్సులో ముందు నేను చెడామడా తిట్టాను. తుమ్ము మింగేస్తానన్నవాడివి కేకెందుకేశావని, నా ఉద్యోగం ఏమయ్యేదని. అంతా విన్నాడు.

"నన్నే సూసి అడిగినాడనుకున్నానమ్మీ," అన్నాడు చివరికి. "తలెత్తి పైకి సూసినాడు. ఎవుడూ పలకనేదు. అడిగినప్పుడు పలక్కపోతే ఎలాగ?"

"నిన్ను కాదు నాన్నా, సభ్యుల్ని. వాళ్లు నీ బదులు పలుకుతారు. దిదిమొనిని పంపింది అందుకే."

ఆయన నా వైపు తిరిగాడు. "ఒక్కోటీ అడుగుతారేటమ్మీ? ఒక్కో ముక్కా? మెట్టుకీ, దీపానికీ?"

"ఒక్కో ముక్కా అడుగుతారు. ఆఖరికి పేరు కూడా అడుగుతారు, విన్నావు గదా."

"పేరు కూడా," అన్నాడు. బస్సు మా మలుపు తిరిగింది. దిగేముందు నా చెయ్యి పట్టుకుని, "అన్నేళ్లు ఏసినాను. ఎవులూ అడగరనుకుని ఏసినానమ్మీ," అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను వేరే వైపు చూడలేదు, నా కళ్లూ అలాగే ఉన్నాయి.

వానాకాలం వెళ్లేసరికి చూపు పూర్తిగా పోయింది. ఇప్పుడు ఇంట్లో గోడలు తడుముకుంటూ తిరుగుతాడు, రేడియో వింటాడు. సభ ఉన్న రోజుల్లో నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే మంచం మీద లేచి కూర్చుంటాడు. ఆయనకి బిల్లు ఏమిటో అక్కర్లేదు, ఎవరు ఎవర్ని తిట్టారో అక్కర్లేదు. ఒక్కటే అడుగుతాడు.

"దిదిమొని పలికిందేటమ్మీ?"

నేనిప్పుడు కూర గురించి ఆలోచించడం మానేశాను. క్లాజులు వస్తున్నప్పుడు వెనక వరస వైపు చెవి పెట్టి ఉంచుతాను. ఆమె రాని రోజు రాలేదని చెబుతాను. పలకని రోజు పలకలేదని చెబుతాను. ఆ రోజుల్లో మా నాన్న ఊఁ అని, తిరిగి పడుకుంటాడు. అబద్ధం చెప్పాలని ఒకటి రెండుసార్లు నోటిదాకా వచ్చింది గానీ, ఆ చెవుల ముందు చెప్పలేకపోయాను.

నిన్న వచ్చేసరికి కూర్చునే ఉన్నాడు. అడిగాడు.

"పలికింది నాన్నా," అన్నాను. "అందరూ పలికారు."

"గట్టిగానా?"

"గట్టిగానే."

మా నాన్న తల ఊపాడు. తర్వాత కుడిచెయ్యి భుజం దాకా లేపి, అరచెయ్యి నెమ్మదిగా పైకి తిప్పాడు.